నాలుగో వరస

మా బావ కళ్ళు పోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా చుట్టాల్లో ఇప్పటికీ ఆయన ప్రస్తావన వస్తే "పాపం, చూపు చెడి పని మానుకున్నాడు" అంటారు. అనేవాళ్ళని నేనెప్పుడూ ఆపలేదు. నోరు తెరవాల్సిన రోజున తెరవనివాడికి, ఇప్పుడు ఇంకొకర్ని దిద్దే హక్కు ఎక్కడిది?

బావ అంటే మా అక్క మొగుడు. అరవైల మొదట్లో, చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక రైసు మిల్లులో ఆయన కరెంటు మేస్త్రి. చదువు మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకానే. మా వైపు కరెంటు స్తంభాలు పాతే రోజుల్లో కంట్రాక్టరు దగ్గర గుంటలు తవ్వడానికి చేరి, తవ్వుతూ తవ్వుతూ పైకి చూసి పని నేర్చుకున్నాడు. నేను ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, ఇంట్లో అందరికీ బరువై కూర్చుంటే, మిల్లు షావుకారుతో మాట్లాడి నన్ను తన కింద పెట్టించుకున్నాడు. "వాడి పనికి నాది పూచీ" అని నా ముందరే చెప్పాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు.

నాకు ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఆకు వక్క మానాలి. "ఆకు నమిలేవాడికి చేతికి సున్నం, నోట్లో ఎంగిలి, మనసు ఎప్పుడు ఉమ్ముదామా అనే దాని మీద. కరెంటు దగ్గర అట్టాంటి మనిషి ఉండకూడదురా" అన్నాడు. సరే అన్నాను. బైబిలు ముట్టుకొని మరీ అన్నాను. ఆ సాయంత్రమే తవుడు గోదాము వెనక గోడ సందులో ఆకుల పొట్లం, సున్నం డబ్బీ దాచుకున్నాను.

మిల్లులో ఉప్పుడు బియ్యం తయారయ్యేవి. వడ్లను పెద్ద ఇనప తొట్లలో వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు వదిలేసి, ఆవిరి పట్టి, తొట్టి కింద తలుపు తీసి కళ్ళంలోకి దించాలి. నీళ్ళు ఎప్పుడు, ఆవిరి ఎప్పుడు, ఎంతసేపు అనేది మునుపు ఒక ముసలాయన గంట కొట్టి చెప్పేవాడు. తర్వాత షావుకారు మద్రాసు నుంచి ఒక పెట్టె తెప్పించాడు. ఎక్కడో విదేశంలో ఏదో ఫ్యాక్టరీలో వాడి పక్కన పడేసింది. బీరువా అంత ఉండేది. లోపల రోలు అంత ఇత్తడి డ్రమ్ము, దాని ఒంటినిండా చిల్లులు. ఆ చిల్లుల్లో మేకులు గుచ్చితే, డ్రమ్ము మెల్లగా తిరిగేటప్పుడు ఒక్కో మేకు ఒక్కో మీటను తడుతుంది. మీట తడితే రిలే టక్కుమంటుంది, రిలే టక్కుమంటే ఒక వాల్వు తెరుచుకుంటుంది. మేకు మార్చి గుచ్చితే పని మారుతుంది. ఆ పెట్టెకు ఏం చెప్పాలన్నా మేకులతోనే చెప్పాలి. దాని మీద రాతలు ఇంగ్లీషు కూడా కాదు, ఎవరికీ రాని భాష.

రెండేళ్ళు బాగానే నడిచింది. మా వైపు ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, తీగల తొడుగులు ఎంత? పగిలి, పెళుసై, ఒక వానాకాలంలో లోపల పొగ లేచింది. బావ మెయిన్ ఆపేసి తలుపు తెరిచేసరికి సగం తీగలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. షావుకారు మద్రాసుకు ఉత్తరం రాస్తే, ఆ పెట్టె పటం తమ దగ్గర లేదనీ, చేసినవాళ్ళు అసలు ఆ రకమే మానేశారనీ జవాబు వచ్చింది.

"కొత్త వడ్లు వచ్చేలోగా నడిస్తే నడిచినట్టు. లేకపోతే తీసి పారేస్తా. గంట కొట్టే మనిషిని పెట్టుకుంటా" అన్నాడు షావుకారు. మిల్లులో లైట్లకూ ఒక మోటారుకూ మేస్త్రి అక్కర్లేదు. అది ఆయన అనలేదు, మాకు తెలుసు. అక్కకు మరీ తెలుసు. అప్పటికి దాని ఒళ్ళో ఏడాది పిల్ల.

బావ మాత్రం పండక్కి బట్టలు కొన్నవాడిలా ఉన్నాడు. పెట్టె ముందు పీట వేసుకొని కూర్చొని, "దీన్ని చేసినోడూ మనిషే గదరా. వాడు ఏ దారిన ఆలోచించినాడో ఆ దారినే మనమూ పోదాం. వాడు చెప్పకపోతే తీగలే చెప్తాయి" అన్నాడు. పాత డ్రమ్ము, పాత రిలేలు ఉంచుకొని, ప్రతి తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కనిపెట్టి, పటం గీసి, కొత్త తీగలు వెయ్యాలని ఆయన లెక్క.

మూడు బ్యాటరీలు, ఒక టార్చిలైటు బల్బు, రెండు పొడుగు తీగలు. అవే మా పరికరాలు. ఆయన ఒక కొస దగ్గర పట్టుకుంటే, నేను అవతల ఒక్కో కొసకూ తగిలిస్తూ పోవాలి. బల్బు వెలిగితే ఆ రెండు కొసలూ ఒకే తీగవి. "వెలిగిందా?" "లేదు." "ఇప్పుడు?" "లేదు." "ఇప్పుడు?" "వెలిగింది." పొద్దున ఎనిమిదింటి నుంచి అదే భాగోతం. ఆయనకు విసుగన్నది లేదు. నాకు అదే ఎక్కువ.

దొరికిన తీగకు రెండు కొసలా దారం కట్టేవాళ్ళం. అక్క ఇంట్లో బట్టలు కుట్టేది, దారాలు దాని పెట్టెలోవే. డ్రమ్ము వైపు పోయే తీగకు ఎర్రదారం, వాల్వుల వైపు పోయే తీగకు పసుపుపచ్చ దారం, మోటారుకు నల్లది, అన్నిటికీ ఉమ్మడిగా ఉండేదానికి తెల్లది. ఎన్నో వరస రిలేదో దారానికి అన్ని ముళ్ళు. పసుపుపచ్చ ఉండ మూడో వరసకే అయిపోయింది. పక్కనున్న కోట ఊరి బజారులోనూ దొరకలేదు. అక్క తెల్లదారాన్నే పసుపునీళ్ళలో ఉడకబెట్టి ఆరేసి ఇచ్చింది. అచ్చం కొన్నదానిలాగే ఉంది. బావ దాన్ని వేలికి చుట్టుకొని చూసి, మీ అక్క ఉంటే మద్రాసు కంపెనీ కూడా దండగే అన్నాడు. అక్క మురిసిపోయింది. ఆ వారాలు మా ఇంట్లో మంచి రోజులు. నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఏ పనిలోనూ అంత సంతోషంగా లేను.

ఒక మధ్యాహ్నం బావ చేత్తో డ్రమ్మును కొంచెం తిప్పి, ఒక మేకు తీసి పక్క చిల్లులో గుచ్చి, మళ్ళీ తిప్పాడు. ఏ రిలే టక్కుమనాలో ముందే నాతో చెప్పాడు. అదే టక్కుమంది. ఆయన కింద కూర్చుండిపోయి నవ్వాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

ఆ కళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. బావ వాళ్ళ నాయనకు నలభై ఏళ్ళకే చూపు మందగించి, రెండేళ్ళలో పూర్తిగా పోయింది. ఆయన్ని కర్ర పట్టుకొని తిప్పింది బావే. అందుకని బావ రోజూ పొద్దున్నే గోడ మీది క్యాలెండరుకు ఎదురుగా, గది అవతలి మూల నిలబడి, చిన్న అక్షరాలు చదువుకునేవాడు. చదవగలిగితే ఆ రోజుకు నిమ్మళం. నాకు నవ్వొచ్చేది. ఒకసారి అక్కతో ఆట పట్టించబోతే, "దాని జోలికి పోవాకరా" అంది.

ఒకరోజు బావ తీగ కోసం గూడూరు పోయాడు. నాలుగో వరస నన్నే చూసి దారాలు కట్టి పెట్టమన్నాడు. మొదటిసారి ఒక వరస పూర్తిగా నా చేతికి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. బల్బుతో ఒకటికి మూడుసార్లు చూశాను. మిగతా వరసల్లో ఒక తీగ డ్రమ్ముకు పోతే, ఒకటి వాల్వులకు పోతుంది. ఒక ఎరుపు, ఒక పసుపు. ఈ నాలుగో వరసలో మాత్రం రెండు తీగలూ వాల్వుల వైపే తేలాయి. వింతగా ఉందే అనుకుంటూనే రెండిటికీ పసుపుదారాలే కట్టాను. నాలుగేసి ముళ్ళు. నేను కట్టింది తప్పు కాదు. ఆ మాట ఇప్పటికీ చెప్పగలను.

కానీ బావ ఊళ్ళో లేడు కదా. పొట్లం తెచ్చుకొని పక్కనే పెట్టుకున్నాను. ఆకుకు సున్నం రాసిన బొటనవేలుతోనే ఆఖరి ముడి బిగించాను.

పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో తెలియని తెలుగువాడు ఉంటాడా? మా పక్కింటివాళ్ళు దిష్టి తియ్యడానికి పసుపు, సున్నం నీళ్ళలో కలిపితే ఎర్రగా అయ్యేది వారానికి రెండుసార్లు చూసేవాణ్ణి. మేం క్రైస్తవులం, మా ఇంట్లో దిష్టి తీసేవాళ్ళం కాదు. అందుకే అక్కకు దారాలు ఉడకబెట్టేటప్పుడు ఆ ధ్యాస రాలేదేమో. మరి సున్నం డబ్బీ చేత్తో పట్టుకున్న నాకు?

మర్నాడు పొద్దున బావ పటం గీస్తూ నాలుగో వరసకు వచ్చాడు. నేను అవతలి వైపు, పెట్టె వెనక ఉన్నాను. బుగ్గలో ఆకు. ఆయన త్వరగా వస్తాడనుకోలేదు, వచ్చేశాడు. ఉమ్మడానికి దారి లేదు.

"నాలుగులో ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. అంతేనా?" అని అడిగాడు.

నోరు తెరిస్తే తెలిసిపోతుంది. లేచి చూస్తే కనపడిపోతాను. "ఊ" అన్నాను.

ఒక్క ఎరుపు, ఒక్క పసుపు. అన్ని వరసల్లాగే ఉంది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. నాకు మాత్రం ఏదో కలుక్కుమంది. రెండూ పసుపే కదా కట్టాను అనుకున్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఉమ్మేసి వచ్చేసరికి ఆయన ఐదో వరసలో ఉన్నాడు. నేనే పొరపడి ఉంటానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పినవాడికి తన మీద తనకు ఆ మాత్రం నమ్మకమే ఉంటుంది.

పటం ప్రకారం కొత్త తీగలు వేశాం. ఒక్కో వరస అయిపోగానే బావ పాత తీగల కొసలు దారాలతో సహా కత్తిరించి ఒక రేకుడబ్బాలో పడేసేవాడు. ఖాళీ తొట్టితో మూడు రోజులు నడిపి చూశాం. నీళ్ళు, ఆవిరి, అన్నీ వేళకు వచ్చాయి. తొట్టిలో వడ్లు లేవు కాబట్టి కింద తలుపు తీసే పని రాలేదు. షావుకారు వచ్చి చూసి బావ భుజం తట్టాడు. నాలుగో రోజు వడ్లు పోసి నడిపాం.

ఆవిరి పట్టడం అయింది. కూలీ ఒకామె తొట్టి కింద తలుపు లాగింది. సగం వడ్లు దిగాయి. అప్పుడు డ్రమ్ము మీది తర్వాతి మేకు మీటను తట్టింది, రెండో విడత ఆవిరి తెరుచుకుంది. తలుపు తీసి ఉంది. ఆవిరీ, మరిగిన వడ్లూ కలిసి ఆమె కాళ్ళ మీద పడ్డాయి. బావ పరిగెత్తుకొని పోయి చేత్తో వాల్వు తిప్పి మూశాడు. ఆమె కుడి పాదం బాగా కాలింది. నెలన్నర మంచంలో ఉంది. తగ్గింది గానీ ఆ పాదం మీద చర్మం తెల్లగా మిగిలిపోయింది.

ఆ మధ్యాహ్నమే బావ బల్బు తీసుకొని పెట్టె ముందు కూర్చున్నాడు. రిలేల కింద మిగిలిన పాత తీగల మొదళ్ళు, వాల్వుల దగ్గర తీయకుండా వదిలిన తీగలు పట్టుకొని చూసుకుంటూ వచ్చి, నాలుగో వరస దగ్గర ఆగాడు. ఆ వరసకు డ్రమ్ముతో పనే లేదు, దాని తీగ ఒకటి వాల్వుల పక్కనున్న తొట్టి తలుపు నుంచి వస్తోంది. కింద తలుపు తీసి ఉంటే, డ్రమ్ము ఏం చెప్పినా ఆవిరి రానివ్వకుండా ఆపడానికే ఆ రిలే పెట్టారు. చేసినవాడి ఆలోచన అది. బావకు అది అర్థమైన క్షణాన నేను పక్కనే ఉన్నాను. పటం తీసి చూసుకున్నాడు. తన రాతతోనే "ఎరుపు" అని ఉంది.

"నాకు ఎర్రగా కనపడిందిరా" అన్నాడు. అంతే అన్నాడు.

నేను రేకుడబ్బా తీసుకొని బాయిలరు వైపు పోయాను. వెతికితే దొరికింది. నాలుగు ముళ్ళ దారం. ముడి దగ్గరంతా కుంకుమ రంగు, కొస మాత్రం పసుపు. అది అరచేతిలో పెట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఇరవై అడుగుల అవతల మా బావ ఉన్నాడు. పోయి చూపిస్తే చాలు. ఆకు నమిలానని తెలుస్తుంది, ప్రమాణం తప్పానని తెలుస్తుంది, ఆ ఆడమనిషి కాలు నా వల్ల కాలిందని తెలుస్తుంది, షావుకారు నన్ను తరిమేస్తాడు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి లెక్కపెట్టుకున్నాను. బావకు ఏమవుతుందో ఆ లెక్కలోకి రాలేదు. దారాన్ని పొయ్యిలో వేశాను.

బావ తప్పు దిద్దాడు. ఒక గంట పని. పెట్టె ఆ తర్వాత ఏళ్ళ తరబడి తప్పు లేకుండా నడిచింది. షావుకారు ఉండమనే చెప్పాడు. బావే వినలేదు. "కనపడనోడు కరెంటు ముట్టుకోకూడదయ్యా. నా మూలంగా ఒకరు కాలినారు, చాలు" అన్నాడు. నువ్వు అడిగితే వాడూ సరే అన్నాడు కదా అని షావుకారు నా వైపు చూపిస్తే, "నేను చెప్పినదానికి వాడు ఊ అన్నాడు. వాడు నన్ను కాదంటాడా" అని నన్ను వెనకేసుకొచ్చాడు. ఆయన చోటు నాకు ఇచ్చారు. పుచ్చుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ బావ లేచి నిలబడ్డాడు. మా దగ్గర ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలో, తాము చేసిన తప్పో పదిమందిలో చెప్పుకోవచ్చు. ఆయన తన గర్వాన్ని గురించి చెప్పాడు. పెద్ద పెట్టెను గెలిచానని పొంగిపోయాననీ, నాయన కళ్ళే తనకూ వస్తున్నాయని తెలిసి కూడా ఒప్పుకోలేదనీ, అందుకు ఇంకొకరి కాలు కాలిందనీ చెప్పాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద అక్క తల వంచుకొని కూర్చుంది. నేను మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాను. పాస్టరు అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నట్టు నటించాను.

నెల్లూరులో కంటి డాక్టరుకు చూపించాం. చూపుకు ఏ లోపమూ లేదన్నాడు. బయటికి వచ్చాక బావ, "మంచాయన. నేను బాధపడతానని నిజం చెప్పలా" అన్నాడు. క్యాలెండరు ముందు నిలబడటం మానేశాడు. సముద్రం పక్కన ఉప్పు పండించే కొటార్ల దగ్గర పనికి చేరాడు. అదేం పని బావా అంటే, ఉప్పుకు ఒకటే రంగు గదరా అన్నాడు.

ఐదేళ్ళు గడిచాయి. ఆయనకు నలభై మూడు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉప్పు ఎత్తేవాడు, దూరంగా వచ్చే మనిషిని నాకంటే ముందు గుర్తుపట్టేవాడు, కానీ గుర్తుపట్టానని నమ్మేవాడు కాదు. ఒకరోజు నాయుడుపేట బస్టాండులో ముగ్గురం బస్సు కోసం నిలబడ్డాం. బావ, నేను, ఆరేళ్ళ మేనకోడలు. ఆయన పిల్ల చెయ్యి పట్టుకొని ఉన్నాడు. చూసేవాళ్ళకు పిల్లను పట్టుకున్నట్టే ఉంటుంది, నిజానికి ఆయనే పిల్లను ఆనుకొని ఉన్నాడు. బస్సు వచ్చింది. "అది ఏ రంగు తల్లీ?" అని అడిగాడు. "ఎరుపు నాయనా" అంది పిల్ల. "ఎరుపే గదా" అని తల ఊపాడు. ఆ పిల్ల ముఖంలో విసుగు లేదు, జాలి లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే దాని పని అన్నట్టు ఉంది. ఇక నేను ఓర్చుకోలేకపోయాను.

ఇంటికి పోయాక పెరట్లో ఆయన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆకు, సున్నం, ఊ అనడం, పొయ్యిలో వెయ్యడం. ఏదీ దాచలేదు. ఆయన కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. లోపలికి పోయి తెల్లదారం తెచ్చి, పసుపు రాసి, సున్నం అద్ది ఆయన ముందు పెట్టాను.

"చూడు బావా. పసుపుగా ఉన్నింది, ఎర్రగా అయిపోయింది. నువ్వు చూసినది నిజమే. నీ కళ్ళు సరిగానే చూసినాయి."

ఆయన దారం తీసుకొని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఒక క్షణం నాకు ఆశ పుట్టింది.

"నాకు ఎర్రగానే కనపడతా ఉంది. నిజంగా ఏ రంగో నువ్వే జెప్పాలి" అన్నాడు.

"ఎరుపే బావా."

"సరేలేరా." దారం నా చేతిలో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్ళూ నా మీద బెంగ పెట్టుకొని ఉండావన్నమాట. ఎంత ఆలోచించినావురా దీనికి. నన్ను ఊరడించేదానికి ఆ మచ్చ నెత్తిన ఏసుకుంటావా? వద్దు. ఇంకోసారి ఎవురి దగ్గిరా అనబాక."

కాదు బావా అన్నాను. నిజం బావా అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత మెత్తగా నవ్వాడు. సాక్ష్యంగా చూపిద్దామంటే అసలు దారాన్ని నేనే కాల్చేశాను. ఐదేళ్ళ కింద ఒక్క నిమిషంలో నమ్మేవాడు. ఇప్పుడు తన కళ్ళనే నమ్మని మనిషి, నా నోటిని ఏం నమ్ముతాడు?

ఆయన లేచి లోపలికి పోయాడు. అక్కతో మెల్లగా ఏదో చెప్పడం వినపడింది. కాసేపటికి అక్క బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "నా బిడ్డకు మేనమామవు అంటే నువ్వేరా. తోడబుట్టినోళ్ళలో ఇట్టాంటోడు ఎంతమందికి ఉంటాడు?" అని నా తల నిమిరింది. దానికీ చెప్పబోయాను. వినలేదు. తెలుసులే ఊరుకో అంది.

కాళ్ళు కడుక్కొని రమ్మంది. పీట వేసి, ముందు నాకు పెట్టింది. పిల్లకోసం అట్టిపెట్టిన చేపముక్క కూడా నా కంచంలోనే వేసింది. బావ పక్కన కూర్చొని, ఇంకొంచెం పెట్టు వాడికి అన్నాడు. నేను వద్దనలేదు. తలెత్తకుండా అంతా తిన్నాను.